ముందు చెయ్యి, తర్వాత నోరు

ఆ ఏడు పొగమంచు మా వీధిలోకి చుట్టపుచూపుగా వచ్చి మకాం వేసేసింది. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురిల్లు ఉండేది కాదు, ఎదురింటాయన దగ్గు మాత్రం ఉండేది. ముందు పాలవాడి సైకిలు గంట వచ్చేది, చాలాసేపటికి పాలవాడు వచ్చేవాడు. పిన్నీ నేనూ మందుల సంచులు భుజాన వేసుకుని ఆ తెల్లదనంలోకి దిగితే నడుస్తున్నామో తేలుతున్నామో తెలిసేది కాదు. ఇప్పటికీ ఆ చలికాలాన్ని తలుచుకుంటే నాకు ఏదీ పూర్తిగా కనబడదు. ఒక గుమ్మం, ఒక దుప్పటి అంచు, మంచులోంచి చాచిన ఒక చెయ్యి. అంతే.

ఇంట్లో ముగ్గురం: పిన్ని, నేను, చెల్లెలు. అమ్మ పోయాక మమ్మల్ని పెంచింది పిన్నే. పెంచి ఊరుకుందా, నన్ను తన ఉద్యోగంలోకి కూడా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఇద్దరం ఒకే ఆరోగ్య కేంద్రంలో, ఇంటింటికీ తిరిగే నర్సులం. మంచాన పడ్డవాళ్లకి పుళ్లు కడగడం, బాలింతల్ని చూడడం, బీపీలు, సూదులు, కడుపుతో ఉన్నవాళ్ల పొట్ట చూసి లోపల బిడ్డ ఎలా ఉందో చెప్పడం, ఇదీ మా పని. చెల్లెలికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. మరిది లారీ నడుపుతాడు. మంచు మూలంగా బళ్లు మధ్యాహ్నం కాసేపే కదిలేవి, అందుకని పాపం అతను ఎక్కడో దారిలో చిక్కుకుని ఫోన్లోనే కాపురం చేసేవాడు.

పిన్ని చేతుల సంగతి చెప్పాలి. మా చుట్టుపక్కల ఆ చేతులకున్న పేరు ఇంతా అంతా కాదు. పొట్ట మీద రెండు చేతులూ ఆనించి, కళ్లు మూసుకుని, లోపలివాళ్లు గుసగుసగా ఏదో చెబుతుంటే వింటున్నట్టు తల కొంచెం వంచేది. తర్వాత కళ్లు తెరిచి, "తల ఇక్కడుంది, వీపు ఇటుంది, ఈ పిల్లకి తొందరెక్కువ" అనేది. ఆ తొందర సంగతి కూడా నిజమయ్యేది. ఆవిడ పక్కన కూర్చునే నేను నేర్చుకున్నాను. నేర్చుకున్న మొదటి పాఠం మొట్టికాయ. ఒకావిణ్ణి చూడబోతూ, "ఎక్కడ తంతోందమ్మా?" అని అడిగానో లేదో, నెత్తిన ఠకీమని తగిలింది.

"ముందు చెయ్యి, తర్వాత నోరు" అంది పిన్ని. "తల్లిని ముందే అడిగావనుకో, ఆవిడ చెప్పిందే నీ చేతికి తగులుతుంది. నీ చెయ్యి ఆవిడకి వంత పాడుతుంది. చేతిని ఒంటరిగా పంపాలే, పెద్దదానా."

నేను పెద్దదాన్ని, చెల్లెలు చిన్నది. పిన్నికి మా అసలు పేర్లు గుర్తున్నాయో లేదో కూడా నాకు అనుమానమే.

చలి మొదలవుతూనే మా నర్సుల మీద అధికారిగా కేంద్రానికి కొత్త మేడమ్ వచ్చింది. సన్నగా ఉంటుంది. ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందంటే, ఆవిడ మాట వినడానికి మేమందరం కుర్చీలు ముందుకు జరుపుకునేవాళ్లం. ఒకరోజు మా నర్సులందర్నీ పెద్ద గదిలోకి పిలిచి, కుర్చీలన్నీ గోడకి జరిపించింది. బల్లలు కూడా లేవు. కిటికీల బయట తెల్లగా మంచు తప్ప ఏమీ లేదు. ఆ గది ఒక్కటే గాల్లో ఎక్కడికో పోతున్నట్టుంది.

"ఎవరికి ఏ పని ఎంత వచ్చో నేను చెప్పను. మీరే చెప్పాలి" అంది మేడమ్. "నోటితో కాదు, కాళ్లతో. నేను ఒక పని పేరు చెబుతాను. అది ఒంటరిగా చెయ్యగలననుకుంటే కిటికీ దగ్గరికి వెళ్లండి. పక్కన మనిషుంటే చెయ్యగలననుకుంటే గది మధ్యలో నిలబడండి. రాదనుకుంటే తలుపు దగ్గరికి వెళ్లండి."

ఇంకేం, సంత మొదలైంది. 'పుండు కడిగి కట్టు కట్టడం' అనగానే అందరం బిలబిలమంటూ కిటికీ దగ్గరికి. 'మూత్రానికి గొట్టం వెయ్యడం' అంటే సగం మంది మధ్యలోకి. మాలో ఒకావిణ్ణి రేడియో అంటాం. ఏ ఇంట్లో ఏం జరిగినా ముందు ఆవిడ నోటే వినాలి. ఆ రేడియో తనకేం వచ్చో చూసుకోకుండా పిన్ని ఎటు వెళ్తే అటు వెళ్లేది.

"ఏమ్మా, మీ కాళ్లు మీవేనా?" అంది మేడమ్ నవ్వుతూ.

"ఆవిడ వెనకాల ఉంటే తప్పు పోనండీ" అంది రేడియో. గది ఘొల్లుమంది.

'కడుపుతో ఉన్నవాళ్ల పొట్ట చూడడం' అన్నప్పుడు పిన్ని తన సొంత వాకిట్లోకి వెళ్తున్నట్టు కిటికీ దగ్గరికి వెళ్లింది. నేను మధ్యలో ఆగాను. పిన్ని అక్కణ్ణించి కనుబొమలెగరేసింది, అక్కడే వేళ్లూనుకుంటావా ఏమే అన్నట్టు. నాకు నవ్వొచ్చింది గానీ కదల్లేదు. పిన్ని ఉండగా నేను ఒంటరిగా ఎందుకు చెయ్యాలి? 

మేడమ్ చివర్లో అంది: "చలికాలం వెళ్లేలోగా మళ్లీ నిలబడదాం. అప్పుడు కిటికీ దగ్గర ఎవరుంటే వాళ్లనే ఆ పనికి ఒంటరిగా ఇళ్లకి పంపిస్తాను. రాకుండా కిటికీ దగ్గర నిలబడితే నాకు తెలియకపోవచ్చు. మంచం మీదున్న మనిషికి తెలుస్తుంది."

అప్పట్నించీ పిన్నిలో ఒక మార్పు చూశాను. చూసి ముచ్చటపడ్డాను కూడా, అదీ నా తెలివి! ఇదివరకు నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చెప్పే మనిషి, ఇప్పుడు ప్రతి ఒక్కరికీ థర్మామీటరు పెట్టేది. నాడికి వేళ్లు పెట్టకుండా, వేలికి తగిలించే క్లిప్పు మిషన్ తీసేది. సూది వెయ్యబోయే ముందు చెయ్యి నిమిరి నరం వెతకడం మానేసి, రబ్బరు పట్టీ బిగించి, దీపం పెట్టించి, కళ్లతో వెతికేది. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. ఆ పుస్తకాన్ని తన జీవితమంతా వెక్కిరించిన మనిషి!

మేస్త్రీ తాతని చూడబోయిన రోజు మేడమ్ కూడా మాతో వచ్చింది. తాత ఒకప్పుడు ఇళ్లు కట్టిన మనిషి. ఇప్పుడు మడమ మీద మానని పుండుతో మంచం మీదే ఉంటాడు, నోరు మాత్రం ఊరంతా తిరిగొస్తుంది. పిన్ని ఆయన వేలికి క్లిప్పు తగిలించి, థర్మామీటరు బయటికి తీసింది.

"ఏం తల్లీ, చేతికి సెలవిచ్చావా?" అన్నాడు తాత.

"చేతులు అబద్ధం చెప్తాయి తాతా. మిషన్లు చెప్పవు."

"నువ్వు నుదుటి మీద చెయ్యి వేస్తే సగం జ్వరం అప్పుడే తగ్గేది. ఈ గాజు పుల్ల నోట్లో పెడితే ఇంకో డిగ్రీ పెరుగుతోంది."

మేడమ్ నవ్వి, "ఇంత పద్ధతిగా చేసేవాళ్లని ఈమధ్య చూళ్లేదండీ" అంది పిన్నితో. పొగడ్త వింటే పిన్ని మామూలుగా ఎగిరి గంతేస్తుంది. ఆవేళ తల దించుకుని సంచిలో ఏదో వెతుక్కుంది.

తిరిగొస్తూ, "ముసలితనంలో బుద్ధొచ్చిందే నీకు" అన్నాను.

"ఎవతెవే ముసలిది?" అని మంచులోంచి పిన్ని గొంతు కస్సుమంది. మనిషి కనబడలేదు. 

ఇంట్లో కూడా కొన్ని కొత్త అలవాట్లు వచ్చాయి. తోడిన స్నానం నీళ్లు చిటికెన వేలు ముంచి చూసేది. చెల్లెలికి జడ వేస్తూ చిటికెన వేలితో పాయలు విడదీసేది. "అబ్బో, మహారాణీగారు!" అని మేమిద్దరం ఆవిడలా చిటికెన వేలు ఎత్తిపట్టుకుని గది అంతా తిరిగేవాళ్లం. పొద్దున లేస్తూనే తడి చేతులు విదిలించినట్టు రెండు చేతులూ విదిలించుకునేది. ఏమిటని అడిగితే చలి అనేది. చలే మరి, అందరికీ చలే కదా అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం చెల్లెలు కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. గాజు అవతల ఎండ పల్చటి పాలలా ఉంది.

"అక్కా, ఒకసారి చూడవే. వీడు లోపల..."

"నోరు మూసుకో కాసేపు. ముందు చెయ్యి."

"ఇంకో పిన్ని తయారైందిరా బాబూ!" అని చెల్లెలు పెదవులు బిగించింది. నేను చేతులు వెచ్చబడేదాకా రుద్దుకుని పొట్ట మీద ఆనించాను. పైన, కుడివైపు పక్కటెముకల కింద, గుండ్రంగా గట్టిగా ఏదో తగిలింది. రెండు వేళ్లతో మెల్లిగా కదిపితే అది ఒక్కటే అటూ ఇటూ తప్పుకుంది, మిగతా ఒళ్లు కదల్లేదు. కింద వెతికాను. అక్కడ వెడల్పుగా, మెత్తగా ఉంది. తల పైనుంది. బిడ్డ తలకిందులుగా ఉండాల్సింది పోయి, కూర్చుని ఉంది.

అలాంటి కాన్పు మా కేంద్రంలో చెయ్యరు. నది అవతల పెద్దాసుపత్రికి ముందే వెళ్లి ఉండాలి. నొప్పులు మొదలయ్యాక ఆ మంచులో బయల్దేరితే తల్లీబిడ్డా ఏమవుతారో అనుకోవడానికే భయం. చివరిసారి స్కాను తీసింది చాలారోజుల కిందట, అప్పటికి బిడ్డ ఇంకా చేపలా తిరుగుతూనే ఉంది. కానీ నేను గది మధ్యలో నిలబడే మనిషిని. నా చెయ్యి చెప్పింది నిజమని నాకెవరు చెప్పాలి? పిన్నిని కేకేశాను.

పిన్ని కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఎక్కడ తంతోందే చిన్నదానా?"

"ఇక్కడ పిన్నీ, పక్కటెముకల కింద. తినడానికి కూడా లేదు."

పిన్ని చేతులు పెట్టింది. కళ్లు మూసుకుంది. తల వంచింది. అంతా ఎప్పటిలాగే ఉంది.

"కాళ్లు పైనున్నాయంటే తల కిందే కదా" అంది కళ్లు తెరిచి. "నీకు తగిలిన గట్టిది పిర్ర. తలకీ పిర్రకీ తేడా తెలియకపోతే ఎలాగే పెద్దదానా?"

"అంత గట్టి పిర్రంటే వాళ్ల నాన్న పోలికే" అంది చెల్లెలు. "ఆయనా అంతేగా, రోజంతా లారీలో కూర్చుని కూర్చుని..."

ముగ్గురం కడుపుబ్బా నవ్వాం. ఏమాటకామాటే చెప్పాలి, ఆ నవ్వులో నా భయం కూడా కొట్టుకుపోయింది. పిన్ని ఖాయం చేశాక, నిండు మనిషిని ఆ మంచులో నది దాటించాలని ఎవరికుంటుంది?

భయం పోయింది గానీ చేతులు మర్చిపోలేదు. ఏ ఇంట్లో ఏ పని చేస్తున్నా ఆ గుండ్రటి గట్టిది వేళ్ల కింద మెసిలేది. గిన్నె బోర్లిస్తే అదే, తలుపు పిడి పట్టుకుంటే అదే. మంచు ఇంకా చిక్కబడింది. మధ్యాహ్నాలు కూడా వీధి దీపాలు వేసి ఉంచేవారు. ఆ దీపాల కింద జనం నీళ్లలో నడుస్తున్నట్టు మెల్లిగా పోయేవారు. ఒకరినొకరు గుర్తుపట్టడానికి ఊరికే దగ్గేవారు.

అలాంటి ఒకరోజు మేడమ్, నేను ఒక బాలింత ఇంటి నుంచి నడిచి వస్తున్నాం.

"పొట్ట చూడమంటే మీరు మధ్యలో నిలబడ్డారు" అంది మేడమ్. "ఎందుకని?"

"పక్కన మా పిన్ని ఉంది కదండీ."

"ఆవిడ పక్కన లేకుండా మీరు చూసినవాళ్లున్నారు కదా. ఎవరి విషయంలో తప్పయింది?"

ఆలోచించాను. ఒక్కరూ గుర్తుకు రాలేదు.

"మరి మీకు రాకా, నమ్మకం లేకా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నిన్నగాక మొన్నొచ్చిన మనిషి, మా పిన్ని దగ్గర నేను పడ్డ మొట్టికాయలు ఈవిడకేం తెలుసు? ఏదో అడ్డదిడ్డంగా జవాబు చెప్పి, మలుపులో ఆవిణ్ణి వదిలించుకుని మా వీధి పట్టాను. కానీ ఆ ప్రశ్న జోరీగలా నా చెవి వదల్లేదు. నాకు రాకా? నమ్మకం లేకా? నడుస్తూ నడుస్తూ, చెల్లెలి పొట్ట మీద నా చేతుల్ని మళ్లీ పెట్టి చూసుకున్నాను. తర్వాత పిన్ని రావడం, కొంగుకి చేతులు తుడుచుకోవడం, కూర్చోవడం, ఎక్కడ తంతోందే అని...

అడిగింది.

చెయ్యి పెట్టకముందే అడిగింది.

అక్కడే ఎవరిదో అరుగు మీద కూలబడ్డాను. నా చుట్టూ అంతా తెలుపే. ఆ తెలుపులో ఒక్కొక్కటే కనబడసాగింది. థర్మామీటరు, క్లిప్పు, రబ్బరు పట్టీ, నీళ్లలో చిటికెన వేలు, పొద్దున్నే విదిలించుకునే చేతులు. పిన్నికి బుద్ధి రాలేదు. పిన్ని చేతులు పోయాయి. పుస్తకం చాటున దాక్కుంటే మేమంతా చప్పట్లు కొట్టాం. నర్సులం కదా, పద్ధతి కనబడితే చాలు, మురిసిపోతాం. నాకు ఏడుపొచ్చింది. చెల్లెలి కోసమూ, బిడ్డ కోసమూ రావాల్సింది, ముందు పిన్ని కోసమే వచ్చింది.

ఇంటికి వెళ్లేసరికి పిన్ని చెల్లెలి పక్కన కూర్చుని బిడ్డ గౌనుకి బొత్తాం కుడుతోంది. సూదిని ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య ఇరికించి పట్టుకుంది. బొత్తాం వంకరగా ఉంది. చెల్లెలు సగం నిద్రలో ఉంది. నేను సంచి దించి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"పిన్నీ, ఆవేళ నువ్వు ముందు అడిగావు."

"ఏవేళ?"

"చెల్లెల్ని చూసిన రోజు. ముందు అడిగావు. తర్వాత చెయ్యి పెట్టావు."

సూది ఆగింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. బయట ఎవరో దగ్గుకుంటూ వెళ్లిపోయారు. పిన్ని గౌను మడతపెట్టింది. ఆ చిన్న గౌనుని చాలాసేపు, చాలా శ్రద్ధగా మడతపెట్టి దిండు మీద పెట్టింది.

"ఇలా రా" అంది. "కూర్చో. చెయ్యి పెట్టు."

పెట్టాను. నా చేతుల మీద పిన్ని తన చేతులు పెట్టింది. అవి చల్లగా ఉన్నాయి.

"నేను నిన్నేమీ అడగను. నువ్వు నన్నేమీ అడక్కు. ఏం తగిలితే అది చెప్పు."

గుండ్రంగా, గట్టిగా, అక్కడే ఉంది. కదిపితే తప్పుకుంది.

"తల పైనుంది పిన్నీ."

"ఎంత ఖాయం?"

"కిటికీ దగ్గర నిలబడేంత."

పిన్ని నా చేతుల్ని ఒకసారి నొక్కి వదిలేసింది. "మీ మరిదికి ఫోన్ చెయ్యి. ఎక్కడున్నా లారీ వేసుకుని రమ్మను."

చెల్లెలు పూర్తిగా లేచింది. "ఏమైందే? ఏమైందక్కా?"

"ఏం కాలేదు" అంది పిన్ని. "నీ బిడ్డ లోపల కుర్చీ వేసుకుని కూర్చుంది. లేపడానికి పెద్దాసుపత్రికి వెళ్తున్నాం."

మర్నాడు మరిది ఎలాగో వచ్చి చేరాక, ఎండపొడ కోసం చూసి చూసి, రాకపోయినా బయల్దేరాం. చెల్లెలు, నేను మరిది పక్కన, పిన్ని తలుపు వైపున కూర్చున్నాం. వంతెన దగ్గరికి వచ్చేసరికి రోడ్డు లేదు. లారీ దీపాలు వేస్తే ముందు తెల్లటి గోడ లేచింది. మరిది బండి ఆపేశాడు. ఎప్పుడు దిగిందో, పిన్ని పసుపు శాలువా కప్పుకుని లారీ ముందుకెళ్లి నడవడం మొదలెట్టింది. కుడిచేత్తో వంతెన పిట్టగోడ తడుముతూ నడిచింది. ఆ చేతికి ఆ గోడ ఎంత తెలిసిందో నాకు తెలియదు. మేం ఆ పసుపు వెనకాల పాకుతూ వెళ్లాం. కింద నది ఉందో లేదో తెలియదు. నీళ్ల చప్పుడు కూడా లేదు. ప్రపంచంలో మేం ముగ్గురం, ఆ పసుపు, అంతే మిగిలినట్టుంది.

"వదినా, అత్తయ్య కనబడుతోందా?" అనేవాడు మరిది ఉండుండి.

"కనబడుతోంది, పోనీ" అనేదాన్ని. కొన్నిసార్లు కనబడకపోయినా అన్నాను.

స్కాను గదిలో తెర మీద బిడ్డ కనబడింది. తల పక్కటెముకల కింద ఉంది, రెండు కాళ్లూ పైకి చాచి చెవుల పక్కన పెట్టుకుంది. డాక్టరమ్మ నవ్వింది. "పాదాలు పైనున్నాయి చూశారా, అందుకే తన్నులు పైన తగిలాయి. తల్లి మాట విని ఉంటే ఎవరైనా తల కిందే అనుకునేవారు. ఎవరు కనిపెట్టారు?"

"మా పెద్దది" అంది పిన్ని తెరకేసి చూస్తూ.

మమ్మల్ని అక్కడే ఉంచేశారు. మూడోనాటికే నొప్పులొచ్చాయి. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల, గుండ్రటి తల, ఆస్పత్రంతా వినబడే గొంతు. మా కేంద్రంలో ఆ నొప్పులొచ్చి ఉంటే అన్న మాట మా ముగ్గురిలో ఎవరం అనలేదు. మరిది ఒక్కడే స్తంభానికి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చెల్లెలు తేరుకున్నాక నేను పిన్నిని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రానని మొరాయించింది. "మొట్టికాయ వేస్తాను" అన్నాను. నోరు వెళ్లబెట్టి, వచ్చింది. డాక్టరు కళ్లు మూసుకోమని, దూది పోగు తీసుకుని ఒక్కో వేలికీ తాకించాడు. "తగిలితే చెప్పండి" అన్నాడు. బొటనవేలు. చూపుడువేలు. మధ్యవేలు. పిన్ని కళ్లు మూసుకుని, తల కొంచెం వంచి, పొట్ట చూసేటప్పటిలాగే ఎదురుచూస్తోంది. ఏమీ అనలేదు. దూది వేళ్ల మీద తిరుగుతూనే ఉంది. నేను చూడలేక గోడకేసి తిరిగాను. చివరికి చిటికెన వేలి దగ్గర, "ఆఁ" అంది.

మణికట్టులో నరం నొక్కుకుపోయిందట. రెండు చేతులకీ. చిటికెన వేలికి వెళ్లే నరం వేరట, అందుకని అది బాగుందట. "ఆలస్యం చేశారు. ఆపరేషన్ చేస్తే కొంత రావచ్చు, అంతా రాకపోవచ్చు" అన్నాడు. 

బయట వసారాలో బల్ల మీద కూర్చున్నాం. పిన్ని చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది.

"నాకు తెలుసే" అంది. "నీకన్నా ముందు నాకే తెలుసు. కానీ ఈ చేతులు లేకపోతే నేనెవర్ని? ఊళ్లో వాళ్లు పిలిచేది నన్నా, వీటినా? అందుకే ఆ పుస్తకం పట్టుకున్నాను. పొట్ట ఒక్కటే, పొట్టకి మాత్రం ఏ పుస్తకమూ దొరకలేదు. సరే, అడిగి తెలుసుకుందాంలే అనుకున్నాను. చిన్నదాని పొట్ట మీద కూడా అలాగే..." 

నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకున్నాను.

మంచు పల్చబడుతున్న రోజుల్లో మేడమ్ మళ్లీ కుర్చీలు గోడకి జరిపించింది. ఈసారి కిటికీల్లోంచి చెట్లు, ఆరేసిన బట్టలు, రోడ్డు కనబడుతున్నాయి. ఒక్కో పనీ అయిపోయింది. 'పొట్ట చూడడం' అంది మేడమ్. నలుగురైదుగురు కిటికీ వైపు కదిలారు. పిన్ని కూడా కదిలింది. గది మధ్య దాకా వచ్చి, అక్కడ ఆగకుండా, నెమ్మదిగా తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది.

పిన్ని వెనకే సగం దూరం వచ్చేసిన రేడియో, ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది.

"ఏంటర్రా అలా చూస్తారు?" అంది పిన్ని. "ఇక్కడ గాలి బాగా వస్తోంది." తర్వాత నాకేసి తిరిగింది. "నువ్వు కదలవేం? నీ కాళ్లకి కూడా నేనే చెప్పాలా?"

మధ్యలోంచి కిటికీ దగ్గరికి ఎంత దూరమని! నాకు మాత్రం ఆ వంతెనంత పొడుగనిపించింది. వెళ్లి నిలబడ్డాను. కళ్లలో నీళ్లు నిలిచాయి, తుడుచుకోలేదు.

మేడమ్ కాసేపు కిటికీ బయటికి చూసింది. తర్వాత, ముందెప్పుడూ చెప్పని పని ఒకటి చెప్పింది. "ఈ పని కొత్తవాళ్లకి పక్కన కూర్చుని నేర్పడం."

పిన్ని తలెత్తింది. "దానికి వేళ్లక్కర్లేదుగా?" అని అడిగింది.

"నాకు తెలిసి అక్కర్లేదండీ."

"మొట్టికాయకి కావాలి" అన్నాను నేను. నవ్వులు చెలరేగాయి. ఆ నవ్వుల మధ్యలోంచి పిన్ని గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చి, నా పక్కన కిటికీ దగ్గర నిలబడింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా కనబడుతోంది. ఎదురిల్లు ఉంది, ఎదురింటాయన దగ్గూ ఉంది. చెల్లెలు బిడ్డని పిన్ని ఒళ్లో పడుకోబెట్టి స్నానానికి వెళ్లింది. నేను పక్కన కూర్చుని ఉతికిన గుడ్డలు మడతపెడుతున్నాను. పిల్ల కళ్లు మూసుకునే, గాల్లో దేన్నో వెతుక్కుంటున్నట్టు చెయ్యి ఆడించింది. పిన్ని తన చూపుడువేలు అందించింది. ఆ పిడికిలి ముడుచుకుంది. పిన్ని కళ్లు మూసుకుంది. తల కొంచెం వంచింది. అలాగే ఉండిపోయింది.

"పెద్దదానా" అంది కళ్లు తెరవకుండానే, "పట్టుకుందా?"

నేను గుడ్డలు పక్కన పెట్టాను. ఆ బుల్లి పిడికిలిని మెల్లిగా విడదీసి, పిన్ని చిటికెన వేలి చుట్టూ ముడిచాను. నోటితో ఏమీ చెప్పలేదు.

పిన్ని మొహమంతా కదిలింది.

"ఓసి దీని దుంప తెగ!" అంది. "ఏం పట్టే తల్లీ ఇది!"